తోక దగ్గరి అతుకు

మా బావది మిర్యాలగూడ. అక్కను ఇచ్చిన ఊరు కాబట్టి నాకు చిన్నప్పటి నుంచీ అలవాటైన ఊరు. బావ నలభై ఏళ్లు వడ్రంగం చేశాడు. తలుపులు, మంచాలు చేసే వడ్రంగం కాదు. రైసు మిల్లుల యంత్రాలకు ఏదైనా ఇనుప భాగం పోత పోయాలంటే, ముందు అచ్చం అలాంటిదే చెక్కతో చేసి ఇవ్వాలి. దాన్ని ఇసుకలో అదిమి తీసి, ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. ఆ చెక్క నమూనాలు చేయడం ఆయన పని. నమూనాలో నూలు మందం తేడా వచ్చినా ఇనుము పనికిరాకుండా పోతుంది. ఆయన చేసినవి వెనక్కి వచ్చాయని నేనెప్పుడూ వినలేదు.

నేను సూర్యాపేటలో ఒక ప్రభుత్వ పాఠశాలలో ఫిజిక్స్ చెబుతాను. నాకు రిమోట్‌తో ఎగిరే చిన్న విమానాలు చేసే సరదా ఉంది. ఫోమ్ అట్టలతో మూరెడు, రెండు మూరల విమానాలు చేసి, ఆత్మకూరు వైపు కోతలైన పొలాల్లో ఎగరేసేవాణ్ని. చాలావరకు మొదటి రోజే విరిగేవి. విరిగినా బాధ ఉండేది కాదు, మళ్లీ చేసుకునేవాణ్ని.

కొన్నేళ్ల కిందట, ఈ సరదా ఉన్న హైదరాబాద్ పెద్దమనిషి ఒకాయన ఫోన్‌లో పరిచయమయ్యాడు. ఆయన దగ్గర ఒక పెద్ద నమూనా విమానం ఉండేది, పాతకాలపు శిక్షణ విమానానికి నాలుగో వంతు సైజు. అది కూలిపోయి మొండెం నుజ్జయింది. రెక్కలు, ఇంజను మాత్రం మిగిలాయి. రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు తొమ్మిదడుగులు. "మొండెం మీరు చేస్తానంటే ఇవన్నీ మీకే ఇచ్చేస్తాను, ఎగరేయడానికి నేనే వస్తాను" అన్నాడు. నేను ఒప్పేసుకున్నాను. ఒప్పుకున్నాక భయం వేసింది. ఏడడుగుల మొండెం నా చేతుల్లో అయ్యే పని కాదు. అప్పుడు బావ గుర్తొచ్చాడు.

నిజానికి అప్పటికి బావకు పని తగ్గిపోయింది. పోత కొట్లవాళ్లు నమూనాలను కంప్యూటర్ యంత్రం మీద కోయించుకోవడం మొదలుపెట్టారు. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆయన పొద్దంతా ఉలులు నూరుకుంటూ కూర్చునేవాడు. నేను వెళ్లిన ఆదివారం అక్క నన్ను వంటింట్లోకి పిలిచి చెప్పింది.

"మీ బావ చెయ్యి ఈ మధ్య జర వణుకుతుంది తమ్మీ. ఊరికె కూసున్నప్పుడు సూడు, కుడిచెయ్యి దానంతట అదే ఆడుతది. ఉలి పట్టుకుంటె మాత్రం ఆగుతది. ఆయనకు చెప్తె కోపమొస్తది. ఏదన్న పని ఉంటె చెప్పు, మంచిగుంటది."

నేను సంచిలోంచి బాల్సా అనే తేలిక చెక్క పలక తీసి బావ చేతికిచ్చాను. ఆయన దాన్ని తూచినట్టు పైకీ కిందికీ ఊపాడు.

"గిది కట్టెనా, అటుకులా? ఊదితె ఎగిరిపోయేటట్టున్నది."

"ఎగరాల్ననే గద బావా."

గోటితో నొక్కితే గుంట పడింది. ఆయన ముఖంలో చాలా రోజుల తర్వాత నవ్వు చూశాను. "దీనికి ఉలి పెట్టాల్నంటె పసిపిల్లకు తానం పోసినట్టు పొయ్యాలె," అన్నాడు. అంటే ఒప్పుకున్నట్టే.

విమానం బొమ్మను సూర్యాపేటలో ఫ్లెక్సీలు వేసే దుకాణంలో అసలు కొలతకు ప్రింట్ చేయించాను. రాజకీయ నాయకుల ఫొటోలు వేసే గుడ్డ మీద ఏడడుగుల విమానం గీతలు రావడం చూసి దుకాణం అతను ఏ పార్టీ గుర్తని అడిగాడు. ఆ గుడ్డను బావ షెడ్డులో బల్ల మీద పరిచి, దాని మీదే పని మొదలుపెట్టాం. ముక్కు నుంచి తోక దాకా పొడవునా నాలుగు బాల్సా బద్దలు. వాటిని కలుపుతూ జానెడుకొకటి అడ్డంగా చట్రాలు. లోపలి ఎముకల గూడు అదే. పైనా కిందా గుండ్రంగా రావలసిన ఒంపులు ఫోమ్‌తో నింపాలి. దాని మీద కాగితమంత పలచని బాల్సా పొర అతికించి, నునుపుగా గీకాలి. బరువు పెరగకూడదు, బలం తగ్గకూడదు.

ఫోమ్ కోయడానికి కోదాడ వెళ్లాం. అక్కడ ఒకామె పెళ్లి మండపాలకు థర్మకోల్‌తో పేర్లు, నెమళ్లు, ఏనుగులు కోసి ఇస్తుంది. మా పాఠశాల వార్షికోత్సవానికి అక్షరాలు ఆమె దగ్గరే చేయిస్తాను. విల్లులాంటి చట్రానికి సన్నని తీగ కట్టి, కరెంటుతో వేడెక్కించి, వెన్న కోసినట్టు కోస్తుంది. నేను తెచ్చిన నీలిరంగు ఫోమ్ దిమ్మను ఆమె తట్టి చూసింది.

"ఇది మా థర్మకోల్ కంటే గట్టిగా ఉందండి సార్. తీగ వేడి కాస్త పెంచాలి. మెల్లగా లాగితే వచ్చుద్ది."

దిమ్మకు రెండు వైపులా ప్లైవుడ్ అచ్చులు బిగించి, తీగను రెండు కొసల దగ్గర ఇద్దరు పట్టుకుని ఒకే వేగంతో లాగాలి. ఒక కొస ఆమె, ఒక కొస బావ. అచ్చుల మీద అంకెలు రాసుకున్నాం. మొదటి దిమ్మ పాడైపోయింది.

"అన్నయ్యా, మీరు నాకంటే ముందు పోతున్నారు. నేను అంకె పిలిచాకే కదలండి."

"నువ్వు మెల్లగ పిలుస్తున్నవ్ చెల్లె."

"విమానం మీదైతే తీగ నాదండి," అందామె. బావ గట్టిగా నవ్వాడు. రెండో దిమ్మ నుంచి ఇద్దరి చేతులూ కలిసిపోయాయి. ఒకటి, రెండు, మూడు అంటూ ఆమె పిలుస్తుంటే తీగ ఏ కుదుపూ లేకుండా వచ్చింది. ఆ రోజు నేను బావ కుడిచేతినే చూస్తూ నిలబడ్డాను. అక్క చెప్పిన వణుకు నాకెక్కడా కనబడలేదు.

నాలుగు నెలలు, ప్రతి ఆదివారం. నేను సూర్యాపేట నుంచి బస్సులో వెళ్లేవాణ్ని. నేను లేని రోజుల్లో కూడా ఆయన పని చేసేవాడు. ఒకసారి ఫోమ్ తుంటమీద, క్షణంలో అతుక్కునే జిగురు ఒక చుక్క వేసి చూశాడు. ఫోమ్ సన్నగా చప్పుడు చేస్తూ కరిగిపోయి, చుక్క ఉన్నచోట గుంట పడింది. "సూసినవా, ఇది ఫోమును తింటది. తెల్ల జిగురే వాడాలె. ఆరేదాక పొద్దుమాపు ఆగాలె. తొందరపడొద్దు," అన్నాడు. ఆ మాట ఆయన నాకు చెప్పాడు. నేను విన్నాను.

మొండెం దాదాపు అయిపోయింది. హైదరాబాద్ ఆయన రెండు వారాల తర్వాత ఆదివారం వస్తానన్నాడు. ఆ మధ్యలో వచ్చిన ఆదివారం అక్కా బావా త్రిపురారంలో చుట్టాల పెళ్లికి వెళ్లారు. తాళం చెవి పక్కింట్లో ఉంది. "నువ్వొచ్చి ఊకె సూస్కో, నేనొచ్చినంక చేద్దాం," అన్నాడు బావ ఫోన్‌లో. నేను ఊరుకోలేదు. తోకకు వెళ్లే వైరు గొట్టం ఒక్కటి దూర్చేస్తే ఒక పని అయిపోతుందనుకున్నాను. మొండెంలోకి చెయ్యి పెట్టి, అందక, మోచేతి మీద బరువు వేసి వంగాను. టక్‌మంది.

తోకకు కొంచెం ముందు, కింది వైపు పొడవు బద్ద ఒకటి పగిలింది. ఇంకా పొర అతికించని చోటది, చీలిక స్పష్టంగా కనబడుతోంది. ఆ ముక్కను కోసి తీసేసి, ఏటవాలుగా కొత్త ముక్క అతికి, తెల్ల జిగురు పెట్టి, బిగించి, ఆరనివ్వాలి. పద్ధతి నాకు తెలుసు. అలా చేస్తే బావకు తెలుస్తుంది. ఆయన వద్దన్న పని చేసి, ఆయన నెలలపాటు చేసినదాన్ని ఒక్క మోచేత్తో విరగ్గొట్టానని తెలుస్తుంది. నా సంచిలో ఆ క్షణంలో అతుక్కునే జిగురు ఉంది. చీలికలో పోశాను. బద్ద అతుక్కుంది. మిగిలిన జిగురు లోపలికి కారి, పక్కనున్న ఫోమును తినేసింది. ఘాటు వాసన వచ్చింది. నిమ్మకాయ పట్టేంత గుంట పడింది. దాన్ని చూస్తూ కాసేపు కూర్చున్నాను. తర్వాత పైన బాల్సా పొర అతికించేసి, నునుపుగా గీకేశాను. బయటికి ఏమీ తెలియలేదు. గొట్టం దూర్చి, పొర కూడా నేనే వేసేశానని మాత్రం బావకు ఫోన్‌లో చెప్పాను. పని బాగా కుదిరిందని ఆ సమయంలో నాకు కొంచెం సంతోషం కూడా వేసింది. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

తర్వాతి శనివారం సాయంత్రం, విమానాన్ని తీసుకెళ్లడానికి వెళ్లాను. బావ మొండాన్ని ముక్కు నుంచి తోక దాకా వేళ్లతో తడుముతూ, తడుతూ వచ్చాడు. తోక దగ్గర ఆగాడు. మళ్లీ తట్టాడు.

"గీడ జర డొల్లగ వినబడుతుంది బామ్మర్దీ."

"అక్కడ వైరు గొట్టం పోతుంది బావా. అందుకే."

ఆయన ఇంకోసారి తట్టి, తల వంచి విన్నాడు. "అంతేనా?" అన్నాడు. "అంతే" అన్నాను. ఫిజిక్స్ చెప్పేవాణ్ని కదా, నమ్మాడు.

మర్నాడు పొద్దున్నే సూర్యాపేట బయట, కోదాడ రోడ్డు వైపు ఒక ప్లాట్ల వెంచర్‌లో కలిశాం. అమ్ముడుపోని ప్లాట్ల మధ్య నల్లటి తారు రోడ్డు, చుట్టూ పత్తి చేలు. విమానాన్ని ట్రాలీ ఆటోలో పరుపుల మధ్య పెట్టి తెచ్చాం. బావ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. అక్క పులిహోర చేసుకొచ్చింది, విమానం ముక్కుకు కుంకుమ పెట్టింది. కోదాడ నుంచి థర్మకోల్ ఆమె భర్తతో కలిసి వచ్చింది. మా పాఠశాల వాళ్లు నలుగురైదుగురు వచ్చారు. హైదరాబాద్ ఆయన రెక్కలు బిగించి, మొండెమంతా చూసి, "బ్రహ్మాండంగా ఉంది. మా క్లబ్బులో ఇంత ఫినిషింగ్ ఎవరూ చేయలేరు," అన్నాడు. బావ చెప్పుతో రోడ్డు మీది రాయిని పక్కకు జరిపాడు.

విమానం లేచింది. తారు రోడ్డు మీద కొంచెం పరుగెత్తి, ఎవరూ లేపినట్టు కాకుండా తనంతట తాను లేచింది. మూడు చుట్లు తిరిగింది. పసుపు రెక్కల మీద ఎండ పడుతుంటే, బావ చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని, దానితోపాటు తనూ గుండ్రంగా తిరుగుతూ చూశాడు. అక్క నోరు తెరిచి నిలబడింది. ఆ మూడు చుట్లలో నేను కూడా నా గుంట సంగతి మర్చిపోయాను. నాలుగోసారి హైదరాబాద్ ఆయన దాన్ని కిందికి దించి, వేగంగా మా ముందు నుంచి పోనిచ్చి, పైకి లాగాడు. తోక వంగింది. విరిగిన చప్పుడు తర్వాత వినబడింది. మొండెం రెండు ముక్కలై పత్తి చేలో పడింది. రెక్కలు మాత్రం ఈసారీ మిగిలాయి.

థర్మకోల్ ఆమె అందరికంటే ముందు చేలోకి పరుగెత్తి తోక ముక్క తెచ్చింది. నేను ఎదురెళ్లి ఆమె చేతిలోంచి దాన్ని తీసుకుని, విరిగిన వైపు నా పొట్టకు ఆనించి పట్టుకున్నాను.

"తోక దగ్గర జాయింట్ ఆగలేదు సార్," అన్నాడు హైదరాబాద్ ఆయన. ఆయన గొంతులో కోపం లేదు. "చెక్కపని చేసిందెవరు?"

"నేనే సార్," అన్నాడు బావ.

బావ తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకున్నాడు. "చెయ్యి వణుకుతుంది సార్ ఈ మధ్య. వీళ్లకు చెప్పలె. నాకు తెల్వకుండనే యాడనో తప్పువోయింది."

వణుకు సంగతి ఆయన నోటి నుంచి రావడం అదే మొదటిసారి. అక్క తల తిప్పుకుంది. నేను నోరు తెరిచాను. చెప్పడానికే తెరిచాను. బయటికొచ్చిన మాట మాత్రం ఇది: "పర్వాలేదు బావా, గిసొంటివి అయితుంటయి." నా తప్పుకు ఆయన్ని నేను క్షమించాను.

తోక ముక్కను గోనెసంచిలో చుట్టి ఇంటికి తెచ్చుకుని, తెల్లారి మున్సిపాలిటీ చెత్తబండిలో వేశాను. ఆ మర్నాడు బావ ఫోన్ చేశాడు.

"ఆ తోక ముక్క జర తీస్కరా. యాడ తప్పు చేసిన్నో సూస్త. తెలవాలె గద."

"చెత్తల పడేసిన బావా."

"పోనీ తియ్," అన్నాడు.

ఆ తర్వాత ఆయన ఉలి పట్టలేదు. కొన్ని నెలలకు పనిముట్లన్నీ ఒక కుర్చీల దుకాణం వాళ్లకు ఇచ్చేశాడు. ఒక రైసు మిల్లులో వేబ్రిడ్జి దగ్గర, లారీల తూకం చీటీలు రాసే ఉద్యోగంలో చేరాడు. అక్క ఫోన్ చేసినప్పుడల్లా అదే చెప్పేది. "నీ చెయ్యి మంచిగనే ఉన్నది, ఒక్క విమానం పడిపోతె ఏమైంది అని రోజు చెప్తున్న తమ్మీ. ఇంటలేడు. నువ్వన్న చెప్పు." నేను ఫోన్ తీసుకుని బావకు ధైర్యం చెప్పేవాణ్ని. అంతకంటే నీచమైన పని ఇంకోటి చేసినట్టు నాకు గుర్తులేదు. ఇప్పుడు చెప్పి లాభమేంటి, పాత గాయం రేపడమెందుకు, ఉద్యోగంలో కుదురుకున్నాడు కదా అని నాకు నేను చెప్పుకుంటూ ఉన్నాను. రెండేళ్లు గడిచాయి.

ఆ ఏడు వార్షికోత్సవానికి అక్షరాలు కోయించడానికి కోదాడ వెళ్లాను. థర్మకోల్ ఆమె తీగ వేడెక్కేదాకా ఆగుతూ, నా వైపు చూడకుండా అడిగింది.

"బావగారు ఎలా ఉన్నారు సార్?"

చెప్పాను. వడ్రంగం మానేశాడని కూడా చెప్పాను. ఆమె తీగ ఆపేసింది.

"ఆ రోజు తోక ముక్క నేను చూశానండి. లోపల ఫోము కరిగిపోయి ఉంది. మేం కోసినచోట అట్టా ఉండదు. జిగురు పోస్తేనే అట్టా తినుద్ది. అన్నయ్య ఆ జిగురు ముట్టరు, నాకు కూడా వద్దని చెప్పారు. మీరే పోసుంటారని అప్పుడే అనుకున్నా. మీరే చెప్తార్లే అని ఊరుకున్నా. ఇంకా చెప్పలేదా సార్?"

అక్షరాలు తీసుకోకుండానే బయటికొచ్చాను. సూర్యాపేట బస్సు ఎక్కవలసినవాణ్ని, మిర్యాలగూడ బస్సు ఎక్కాను. వరి కోతల కాలం. మిల్లు ముందు ధాన్యం లారీలు, ట్రాక్టర్లు బారుగా నిలబడి ఉన్నాయి. బావ గది కిటికీలోంచి నన్ను చూసి, పక్కతనికి చీటీలు అప్పగించి బయటికొచ్చాడు. గేటు పక్కన టీ బండి దగ్గర నిలబడి మొత్తం చెప్పాను. పెళ్లికి వెళ్లిన ఆదివారం, మోచెయ్యి, జిగురు, చెత్తబండి, అన్నీ.

ఆయన పనివాడు అడిగినట్టు అడిగాడు.

"ఏ బద్ద? కింద ఎడమదా?"

"అవును."

"పూర్తిగ తెగిందా, చీలిందా?"

"చీలింది."

"చీలితె ఏమున్నది. పక్కన ఒక పట్టీ ఏసి తెల్ల జిగురు పెడితె అయిపోవు." టీ గ్లాసు బండి మీద పెట్టేశాడు. "డొల్లగ ఉన్నదని నా చెవికి తెలిసింది బామ్మర్దీ. తెలిసి గూడ ఇప్పి సూడకపోతిని, గంత మతి లేకుండ అయిన్నా అని ఎంత తిట్టుకున్ననో నీకేం తెలుసు."

"తప్పయింది బావా."

"అందరి ముందట చెప్పలేకపోతివి, సరె. తెల్లారి ఫోన్ల చెప్తె నేనేమనేటోన్ని? నాలుగు తిడుతుంటి. మళ్ల ఇంకోటి చేస్తుంటిమి."

లారీ హారన్ కొట్టింది. ఆయన లోపలికి వెళ్లిపోయాడు. నేను సాయంత్రం దాకా గేటు దగ్గరే ఉన్నాను. డ్యూటీ దిగి వచ్చి, "ఇంకా గీడనే ఉన్నవా? బస్సు పోతది, నడు," అన్నాడు. బస్టాండు దాకా బండి మీద దింపాడు.

అక్క మాత్రం మాట్లాడింది, మర్నాడు ఫోన్‌లో, ఒక్కసారే. "నీ చెయ్యి మంచిగున్నదని ఆయనకు రోజు చెప్పిన తమ్మీ. ఆయన మనసు కోసం అబద్ధం చెప్తున్ననుకున్న. అది నిజమేనాయె." ఆ తర్వాత చాలాకాలం నాతో మాట్లాడలేదు.

నేను మంచి ఉలుల జత కొని తీసుకెళ్లాను. బావ వద్దనలేదు. ఒకదాన్ని నూరి, పాత టేకు ముక్క మీద గీత పెట్టి, గీత వెంట పోనిచ్చాడు. ఉలి పట్టుకుంటే ఆగే వణుకు ఇప్పుడు ఆగడం లేదు. గీత వంకరగా పోయింది. ఆయన దాన్ని చూసి, ఉలిని తుడిచి, గుడ్డలో చుట్టి నాకిచ్చేశాడు. "ఇగ ఇప్పుడు నిజంగనే కాదు," అన్నాడు. దవాఖానలో మాత్రలు ఇచ్చారు, అవి వాడితే పెరగడం నెమ్మదిస్తుందట, తగ్గదట. నేను మాట దాచిన రెండేళ్లూ ఆయన చేతులకు మిగిలి ఉన్న మంచి రోజులు. లారీల తూకం రాస్తూ గడిచిపోయాయి.

ఇప్పుడు మేం కలుసుకుంటాం, పండక్కీ పబ్బానికీ భోజనాలు చేస్తాం. ఆయన నన్ను ఏమీ అనడు. అనకపోవడానికి అలవాటు పడ్డాను.

ఈమధ్య హైదరాబాద్ ఆయన ఫోన్ చేసి, రెక్కలు వాడకపోతే తిరిగి ఇచ్చేయమన్నాడు. సరేనన్నాను. ఆ రోజు విరిగిన అతుకు వడ్రంగిది కాదని, అది నేను చేసిన పని అని ఆయనకు చెప్పాను.

"ఏ వడ్రంగి సార్?" అన్నాడు.

గుర్తులేదు. అయినా మొదటి నుంచి చెప్పాను. ఆయన అంతా విని, రెక్కలు ఎప్పుడు పంపుతారని అడిగాడు.